క్యాలెండర్‌లో రాయలేని డబ్బు

మా నాన్న లెక్కల మాస్టారు. పాలకొల్లు చుట్టుపక్కల జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ముప్పై మూడేళ్లు పని చేసి 2017లో రిటైరయ్యారు. మా ఇంట్లో ఎఫ్‌డీలకి ఒక పద్ధతి ఉండేది. బ్యాంకు నుంచి బాండు తెచ్చిన సాయంత్రమే దాని జిరాక్సు వెనక పెన్సిల్‌తో వడ్డీ లెక్క వేసి, బ్యాంకువాళ్లు వేసిన అంకెతో సరిచూసుకునేవారు. ఆ తర్వాత కాగితం నీలం రెక్సిన్ ఫైల్లోకి, గడువు తేదీ గోడ క్యాలెండర్‌లోకి వెళ్లేవి. ఏకాదశులూ అమావాస్యలూ, గ్యాస్ బండ మార్చిన రోజూ, పాలవాడికిచ్చిన అడ్వాన్సూ, వీటి మధ్య ఎర్ర ఇంకుతో "ఎఫ్‌డీ 2 ల." అని ఉండేది. రెండు మూడేళ్ల తర్వాత తీరే గడువులు క్యాలెండర్ ఆఖరి పేజీలో రాసేవారు. ఏటా కొత్త క్యాలెండర్ రాగానే పాతదాంట్లోంచి ఆ తేదీలు ఎక్కించడం నాకూ చెల్లికీ అప్పజెప్పిన పని.

2017లో ఆయన చేతికి రిటైర్మెంట్ డబ్బు వచ్చింది. అదెలాంటి సమయమో ఒకసారి గుర్తు చేసుకోవాలి. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయ్యాక జనం దగ్గరున్న ఆ నోట్లు దాదాపు అన్నీ బ్యాంకుల్లోకి చేరాయి. అడక్కుండానే అంత డిపాజిట్ వచ్చి పడితే బ్యాంకు ఎక్కువ వడ్డీ ఎందుకిస్తుంది? రేట్లు దిగాయి. ఆ ఏడాది జులై ఆఖరున స్టేట్ బ్యాంకు సేవింగ్స్ ఖాతా మీద వడ్డీని కూడా 4 నుంచి 3.5 శాతానికి దించింది. సరిగ్గా అదే ఏడాది, టీవీ పెడితే చాలు, 'మ్యూచువల్ ఫండ్స్ సహీ హై' ప్రకటన. పదిమంది డబ్బు పోగేసి షేర్లలోనో బాండ్లలోనో పెట్టేవే ఈ ఫండ్లు.

నాన్న ఖాతా ఉన్న బ్రాంచిలో ఒకమ్మాయి ఉండేది. మర్యాదస్తురాలు. "మాస్టారూ, ఎఫ్‌డీలో ఆరున్నరకి మించి రాదండీ. బ్యాలెన్స్‌డ్ ఫండులో వేయండి. నెలకి ఒక శాతం పడుతుంది, పెన్షన్ లాగే" అంది. నెలకి ఒక శాతం అంటే మావైపు లెక్కలో రూపాయి వడ్డీ. ఎనిమిది లక్షలకి నెలకి ఎనిమిది వేలు. ఊళ్లో ప్రోనోట్లు రాయించుకుని, వసూళ్లకి తిరిగి, మాటపడితే తప్ప రాని రూపాయి వడ్డీ బ్యాంకులో కూర్చోబెట్టి ఇస్తామంటే ఎవరికి ఆశ పుట్టదు? అమ్మ ఒక్కతే అడ్డం పడింది. "యూనిట్ ట్రస్ట్ సంగతి మర్చిపోయారా?" అని. 2001 జులైలో యూనిట్ ట్రస్ట్ వాళ్లు తమ యూఎస్-64 అనే ఫండు యూనిట్లు తిరిగి కొనడం ఆరు నెలల పాటు ఆపేశారు. అప్పుడు నాన్న స్టాఫ్ రూములో సగం మందికి అందులో డబ్బుంది. అయినా నాన్న వినలేదు. చెల్లి పెళ్లికని అట్టిపెట్టిన ఎనిమిది లక్షలూ అందులో వేశారు.

"గడువెప్పుడు?" అని అమ్మ అడిగితే, "దీనికి గడువుండదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు" అన్నారట. క్యాలెండర్‌లో ఏమీ రాయలేదు.

ఇప్పుడు ఎవరిని కదిపినా ఎఫ్‌డీలు దండగ, ఫండ్లలో పెట్టండి అనే అంటున్నారు. నేను కూడా ఫండ్లలో పెడుతున్నాను, పెట్టమని చెబుతాను కూడా. కానీ ఎఫ్‌డీకి బదులు ఫండు ఎంచుకోవాలనుకునేవాళ్లు ముందు ఏ ఫండు అని అడుగుతున్నారు. ఆ డబ్బు ఏ తేదీకి కావాలో అడగడం లేదు. ఎఫ్‌డీ బాండు మీద ఎంత వేశాం, ఎంత శాతం, ఎప్పుడు ఎంత వస్తుంది అని మొత్తం అచ్చేసి ఉంటుంది. ఫండు స్టేట్‌మెంట్ మీద వేసిన డబ్బూ, ఈరోజు విలువా తప్ప ఇంకేమీ ఉండదు. గడువు తేదీ రాసే పని బ్యాంకు దగ్గర్నుంచి మన చేతికి వస్తుంది. ఆ పని మనం చేయకపోతే ఇంకెవరూ చేయరు. నాన్న విషయంలో జరిగింది అదే.

మొదటి ఏడాది బాగా గడిచింది. ప్రతి నెలా మొదటి వారంలో ఫోనుకి మెసేజి వచ్చేది. "వడ్డీ పడింది" అనేవారు. ఈ మాట దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే ఈ రోజుకీ ఎంతోమంది పెద్దవాళ్లు ఇదే మాట అంటున్నారు. అది వడ్డీ కాదు. నాన్న కొన్నప్పుడు యూనిట్ (ఫండులో ఒక వాటా) ధర 20 రూపాయలు, అంటే ఎనిమిది లక్షలకి 40,000 యూనిట్లు. యూనిట్‌కి 20 పైసల డివిడెండ్ ఇస్తే ఎనిమిది వేలు ఖాతాలో పడతాయి. ఆ మేరకు యూనిట్ ధర 20 పైసలు తగ్గుతుంది. ఎడమ జేబులోంచి కుడి జేబులోకి మారిందంతే. మార్కెట్ పెరుగుతున్నంత కాలం ఆ 20 పైసల గొయ్యి మళ్లీ పూడిపోతుంది కాబట్టి కనపడదు. పెరగడం ఆగిన రోజు, నెలనెలా మన అసలులోంచే మనకి పంచుతున్నారని తెలుస్తుంది. మార్కెట్లని నియంత్రించే సెబీ కూడా చివరికి ఈ గందరగోళం చూసి, 2021 ఏప్రిల్ నుంచి డివిడెండ్ ఆప్షన్ పేరునే మార్చింది. ఇప్పుడది 'ఇన్‌కమ్ డిస్ట్రిబ్యూషన్ కమ్ క్యాపిటల్ విత్‌డ్రావల్'. అంటే ఇస్తున్నదాంట్లో మీ పెట్టుబడి కూడా ఉందని పేరులోనే చెప్పేశారు. నాలుగేళ్ల ముందు ఆ పేరు ఉండుంటే లెక్కల మాస్టారికి విషయం అర్థమయ్యేది.

'బ్యాలెన్స్‌డ్' అనే మాటదీ అదే కథ. ఆ ఫండు డబ్బులో మూడింట రెండొంతులు షేర్లలో ఉంది. తక్కెడ రెండు పళ్లేలూ సమంగా ఉన్నాయనుకునే పేరు పెట్టి, ఒకవైపు రెట్టింపు బరువు వేశారు. 2017 అక్టోబరులో సెబీ ఫండ్లని వర్గాలుగా విడగొట్టాక అలాంటివాటికి 'అగ్రెసివ్ హైబ్రిడ్' అని పేరొచ్చింది. ఆ పేరుతో అమ్మజూపితే నాన్న కుర్చీలోంచి లేచి వచ్చేసేవారు.

2018 ఏప్రిల్ నుంచి ఈక్విటీ ఫండ్ల డివిడెండ్ మీద 10 శాతం పన్ను వేశారు. ఎనిమిది వేలు ఏడు వేలయింది, తర్వాత ఆరు, తర్వాత కొన్ని నెలలు అసలు రాలేదు. 2020 మార్చి 23న షేర్ మార్కెట్ సూచీ నిఫ్టీ ఒక్కరోజులో 13 శాతం పడి 7,610 దగ్గర ఆగింది. ఆ రాత్రి నాన్న నాకు హైదరాబాద్‌కి ఫోన్ చేసి, "అమ్మా, పెళ్లి డబ్బు పోతోంది" అన్నారు. ఆయన గొంతు అలా ఎప్పుడూ వినలేదు. ఆ వారంలోనే మొత్తం అమ్మేశారు. యూనిట్‌కి 12.60 చొప్పున ఐదు లక్షల నాలుగు వేలు వచ్చింది. మూడేళ్లలో వచ్చిన డివిడెండ్లన్నీ నాన్న కూడితే సుమారు రెండు లక్షల ముప్పై వేలు. మొత్తం ఏడు లక్షల ముప్పై నాలుగు వేలు. అదే ఎనిమిది లక్షలు ఆరున్నర శాతం ఎఫ్‌డీలో ఉంటే, మామూలు వడ్డీ లెక్కన చూసినా, తొమ్మిది లక్షల యాభై ఆరు వేలు. బ్రాంచికి ఫోన్ చేస్తే ఆ అమ్మాయి బదిలీ అయిందన్నారు. లాక్‌డౌన్ వల్ల పెళ్లి డిసెంబరుకి వాయిదా పడింది. నవంబరుకల్లా నిఫ్టీ జనవరి నాటి గరిష్ఠాన్ని దాటేసింది.

చాలాకాలం ఆ ఫండు మీద, ఆ బ్రాంచి మీద కోపం పెట్టుకున్నాను. చెప్పకుండా దాచినందుకు బ్రాంచి మీద ఇప్పటికీ ఉంది. ఫండు మాత్రం తను చేస్తానన్నదే చేసింది. మూడేళ్లలో కావలసిన డబ్బుకి షేర్లలో చోటు లేదు, ఫండు ఎంత మంచిదైనా సరే.

ఈ కథ చెబితే "అందుకే ఎఫ్‌డీయే మేలు" అని మా చుట్టాల్లో సగం మంది తల ఊపుతారు. వాళ్లతోనూ నాకు పేచీ ఉంది. 2020 మే ఆఖరు నుంచి స్టేట్ బ్యాంకు ఐదేళ్ల డిపాజిట్ మీద మామూలు ఖాతాదారుకి ఇచ్చింది 5.4 శాతం. 2020-21లో ధరలు సగటున 6.2 శాతం పెరిగాయి. అంటే పన్ను మాట పక్కన పెట్టినా, ఆ ఏడాది ఎఫ్‌డీలో ఉన్న డబ్బు కొనే శక్తి తగ్గింది. అంకె పెరుగుతుంది కాబట్టి మనకి కనపడదు. బాండు మీద అచ్చేసిన ఏడు లక్షలు గడువు తేదీకి తప్పకుండా వస్తాయి. ఆ ఏడు లక్షలతో ఆ రోజు ఎన్ని బస్తాల బియ్యం వస్తాయో మాత్రం ఎక్కడా రాసి ఉండదు. మూడేళ్లకైతే ఈ తేడా చిన్నది. పదిహేనేళ్లకి, మనవడి కాలేజీ ఫీజుకి, అది చాలా పెద్దది.

బ్యాంకులో ఉన్నదంతా భద్రమే అనుకోవడమూ పూర్తిగా నిజం కాదు. 2001లో హైదరాబాద్‌లో కృషి బ్యాంకు మునిగినప్పుడు గేటు ముందు నిలబడ్డవాళ్లు మన మధ్యే ఉన్నారు. డిపాజిట్ మీద బీమా అప్పుడు లక్ష రూపాయలే. 2020 ఫిబ్రవరి 4 నుంచి అది ఐదు లక్షలైంది, అసలూ వడ్డీ కలిపి, ఒక మనిషికి ఒక బ్యాంకులో. ఎంత మంది పెద్దవాళ్లు అర శాతం ఎక్కువ వస్తుందని పాతిక లక్షలూ ఒకే చిన్న సహకార బ్యాంకులో పెట్టి నిశ్చింతగా ఉన్నారో చూస్తుంటే నాకు భయమేస్తుంది. ఫండులో ఈ భయం వేరే రకం. మన డబ్బు ట్రస్టు పేరున, షేర్లూ బాండ్లూ వాటిని భద్రపరిచే వేరే సంస్థ, కస్టోడియన్ దగ్గర ఉంటాయి కాబట్టి ఫండు కంపెనీ మూతపడితే మన డబ్బు దాంతో పోదు. కానీ వాటి విలువ పడిపోతే ఎవరూ పూచీ లేరు. బీమా కూడా లేదు.

సరే, ఎఫ్‌డీకి దగ్గర చుట్టంలా కనపడేవి డెట్ ఫండ్లు. ఎఫ్‌డీలో మనం బ్యాంకుకి అప్పిస్తాం. డెట్ ఫండులో మన తరఫున ఫండువాళ్లు ప్రభుత్వానికో, కంపెనీలకో అప్పిస్తారు, ఆ అప్పు పత్రాలే ఇక్కడ బాండ్లు. ఎంచుకునేటప్పుడు నేను ముందు చూసేది, ఎవరికి అప్పిచ్చారు అన్నది. నెలనెలా వచ్చే ఫ్యాక్ట్‌షీట్‌లో ఆ పట్టీ ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ బాండ్లు, అన్నింటికన్నా భద్రమని ట్రిపుల్ ఏ రేటింగ్ ఉన్నవి ఎంత శాతమో రాసి ఉంటుంది. మిగతా ఫండ్లన్నీ ఏడు శాతం చూపిస్తుంటే ఒక్కటే తొమ్మిది చూపిస్తోందంటే, అందులో మేనేజర్ తెలివికంటే అప్పు తీసుకున్నవాడి బలహీనతే ఎక్కువ. ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి అప్పు తీసుకునేవాడికి రూపాయి వడ్డీకి ఎవరూ ఇవ్వలేదని అర్థం కదా, ఇదీ అంతే. 2020 ఏప్రిల్ 23న ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ ఆరు డెట్ పథకాలు ఒకేసారి మూసేసింది. వాటిలో తక్కువ రేటింగ్ కంపెనీల బాండ్లు ఎక్కువ. కోవిడ్ దెబ్బకి వాటిని కొనేవాడు లేడు. మదుపరులకి మొదటి విడత డబ్బు చేరేసరికి 2021 ఫిబ్రవరి వచ్చింది. ఆపరేషన్‌కని దాచుకున్నవాళ్లు ఆ పది నెలలు ఏమయ్యారో ఊహించండి.

తర్వాత చూసేది ఆ అప్పుల గడువు. పాత బాండు 6 శాతం ఇస్తుండగా బజార్లో కొత్త బాండు 8 శాతానికి దొరికితే, పాతదాన్ని పూర్తి ధరకి ఎవరూ కొనరు. అందుకే వడ్డీ రేట్లు పెరిగితే బాండ్ల ధర పడుతుంది, గడువు ఎంత పొడుగైతే అంత ఎక్కువ పడుతుంది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రిజర్వ్ బ్యాంకు రెపో రేటుని, అంటే బ్యాంకులకి తానిచ్చే అప్పు మీద వడ్డీని, 4 నుంచి 6.5 శాతానికి పెంచింది. కేంద్ర ప్రభుత్వ బాండ్లే కదా, భయం లేదనుకుని పదేళ్ల గిల్ట్ ఫండులో ఏడాది డబ్బు పెట్టినవాళ్లకి ఎగవేత ముప్పు లేదు, కానీ లాభమూ మిగల్లేదు. లిక్విడ్ ఫండులో 91 రోజులు మించిన గడువున్న అప్పు పత్రం ఉండకూడదు కాబట్టి అందులో ఈ ఊగిసలాట దాదాపు ఉండదు. ఆర్నెల్ల ఖర్చు పెట్టుకోవడానికి అది చాలు.

నాన్నకి నచ్చిన ఫండు వేరే ఉంది. టార్గెట్ మెచ్యూరిటీ ఫండు. 2019 డిసెంబరులో భారత్ బాండ్ పేరుతో మొదటివి వచ్చాయి, ఒకటి 2023 ఏప్రిల్‌కి, ఇంకోటి 2030 ఏప్రిల్‌కి గడువు తీరేలా, ప్రభుత్వ రంగ సంస్థల ట్రిపుల్ ఏ బాండ్లతో. గడువు దాకా ఉంచితే, కొన్న రోజు కనపడే రాబడికి దగ్గరగా వస్తుంది. మధ్యలో తీస్తే ఆనాటి ధర. ఆయనకి ఈ సంగతి చెప్పినప్పుడు ఫోనులో కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే దీనికి తేదీ ఉందన్నమాట" అన్నారు. 2030 దాంట్లో రెండు లక్షలు వేసి, క్యాలెండర్ ఆఖరి పేజీలో రాసుకున్నారు.

డెట్ ఫండ్లకి ఒకప్పుడున్న పన్ను లాభం ఇప్పుడు లేదు. 2023 ఏప్రిల్ 1 నుంచి కొన్నవాటి మీద లాభం ఎన్నేళ్లకి తీసినా మన ఆదాయపు పన్ను స్లాబు ప్రకారమే పన్ను. మిగిలిన లాభమల్లా, తీసినప్పుడే పన్ను కట్టడం. ఎఫ్‌డీలో మాత్రం డబ్బు చేతికి రాకపోయినా ఏటా వడ్డీ మీద కట్టాలి. ఇంకో మార్పు గురించి ఎవరూ మాట్లాడటం లేదు. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకు ఆదాయానికి రిబేటు వల్ల పన్ను పడదు. పెన్షనూ ఎఫ్‌డీ వడ్డీ కలిపి ఆ లోపు ఉన్న పెద్దవాళ్లకి, 'ఎఫ్‌డీ వడ్డీని పన్ను తినేస్తుంది' అనే పాత వాదన ఇక వర్తించదు. అదే షేర్ల ఫండు మీద ఏడాది దాటాక వచ్చే లాభంలో 1.25 లక్షలు దాటినదాని మీద 12.5 శాతం పన్ను, దానికి ఈ రిబేటు కూడా వర్తించదు. పన్ను పేరు చెప్పి ఎఫ్‌డీ తీయించి ఫండు అమ్మేవాళ్లని ముందు ఈ లెక్క వేసి చూపించమనండి.

షేర్ల ఫండ్ల విషయంలో నేను చెప్పేది తక్కువ. ఏడేళ్లకి ముందు ముట్టుకోనని రాసిపెట్టుకున్న డబ్బుతోనే. ఏడే ఎందుకంటే, 2008 జనవరిలో 21,000 తాకిన సెన్సెక్స్ 2009 మార్చికి 8,000 చిల్లరకి పడి, మళ్లీ 21,000 దగ్గర నిలదొక్కుకునేసరికి 2013 ఆఖరైంది. దాదాపు ఆరేళ్లు. నాన్నలాంటివాళ్లు మధ్యలో ఎక్కడ దిగిపోయి ఉండేవారో నాకు తెలుసు. ఫండు ఏదంటే నిఫ్టీలో ఉన్న షేర్లనే కొనే నిఫ్టీ ఇండెక్స్ ఫండు, మధ్యవర్తి కమీషను లేని డైరెక్ట్ ప్లాను, డివిడెండ్ పంచని గ్రోత్ ఆప్షన్. పోయినేడాది నంబర్ వన్ ఎవరో చూసి కొనేవాళ్లు ఏటా ఫండు మారుస్తూనే ఉంటారు. డైరెక్ట్ ప్లాన్లు 2013 జనవరి 1 నుంచి ఉన్నాయి, బ్యాంకు కౌంటరులో ఎవరూ చెప్పరు. రెగ్యులర్ ప్లానులో ఏటా ఒక శాతం కమీషనుకి పోతే ఏమవుతుందో నాన్నే పెన్సిల్‌తో వేసి చూపించారు. పది లక్షలు ఇరవై ఏళ్లకి, 11 శాతం లెక్కన 80 లక్షల 62 వేలు. 10 శాతం లెక్కన 67 లక్షల 27 వేలు. ఏ మార్కెట్టూ 11 శాతం ఇస్తానని మాట ఇవ్వదు, ఇది ఉత్త లెక్కే. కానీ ఆ పదమూడు లక్షల తేడా చూశాక ఆయన పెన్సిల్ కింద పెట్టి నా వైపు చూశారు. ఒక్క మాట. డైరెక్ట్‌లో కొంటే మార్కెట్ పడినరోజు ఫోన్ చేయడానికి మనిషి ఉండడు. ఆ మనిషి కావాలనుకునేవాళ్లు, నిజంగా ఫోనెత్తే మనిషి దొరికితే, కమీషను ఇచ్చుకోవడంలో నాకు తప్పు కనపడదు.

ఇక నాన్న డబ్బు ఇప్పుడు ఎలా ఉందంటే, ఎక్కువ భాగం పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ స్కీములో ఉంది. 2023 ఏప్రిల్‌లో దాని వడ్డీ 8.2 శాతానికి, పరిమితి 30 లక్షలకి పెరిగాయి. వేసిన రోజు రేటే ఐదేళ్లూ ఉంటుంది, మూడు నెలలకోసారి ఖాతాలో పడుతుంది. అరవై దాటినవాళ్లు నెల ఖర్చు కోసం ఆ 30 లక్షలు నింపకుండా ఫండ్ల దగ్గరికి వెళ్లడం నా దృష్టిలో తప్పు. మూడేళ్ల లోపు కావలసినవి ఎఫ్‌డీల్లో, ఏ బ్యాంకులోనూ ఐదు లక్షలు దాటకుండా. నాలుగు లక్షలు మాత్రం ఇండెక్స్ ఫండులో, మా అబ్బాయి ఇంజినీరింగ్‌కో మెడిసిన్‌కో అని. దానికి నాన్నే తేదీ పెట్టారు, 2034 జూన్. 2031 నుంచి ఏటా మూడో వంతు తీసి ఎఫ్‌డీలో వేయాలని కూడా రాశారు. అన్నింటికీ నామినీగా అమ్మ పేరు ఉందో లేదో పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు కూర్చుని చూశాం. రెండింటికి లేదు. వెంటనే పెట్టించాం.

ఈమధ్య ఒక ఎఫ్‌డీ గడువు తీరితే నాన్నని బ్రాంచికి నేనే తీసుకెళ్లాను. ఇప్పుడక్కడ ఒక కుర్రాడు ఉన్నాడు. కొత్తగా వస్తున్న ఒక ఫండు కరపత్రం ముందు పెట్టి, "అంకుల్, ఎఫ్‌డీ ఎందుకండీ" అంటూ మొదలుపెట్టాడు. నాన్న అంతా ఓపిగ్గా విన్నారు. కళ్లజోడు తుడుచుకుని, "బాబూ, ఈ మూడు లక్షలూ వచ్చే ఏడాది నవంబరులో నా రెండో కంటి ఆపరేషన్‌కి, ఇంటి స్లాబు రిపేరుకి కావాలి. ఆ రోజు ఇందులోంచి ఎంత వస్తుందో చెప్పగలవా?" అని అడిగారు. ఆ కుర్రాడు కరపత్రం వైపు చూసి, నా వైపు చూసి, "అది చెప్పలేమండీ" అన్నాడు.

"అయితే ఏడాదికి రెన్యువల్ చేసెయ్యి నాన్నా" అన్నారు.